అందరికీ అంతే

జనవరి 2

లెన్సుల కంపెనీ ఏజెంటు ఏటా ఒక డైరీ ఇస్తాడు. ఏటా అది మా ఆవిడ సరుకుల జాబితాలకు పోతుంది. ఈసారి నేనే దాచుకున్నాను. పెద్ద కారణమేమీ లేదు, రాసుకుంటే మనసు కుదురుగా ఉంటుందని.

కొట్టు తెరవగానే ఏటా చేసే పని చేశాను. నా కళ్ళు నేనే పరీక్షించుకున్నాను. కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి, చార్టు ఆఖరి వరుస దాకా తడుముకోకుండా చదివాను. నలభై ఏడేళ్ళకి ఇది మాటలు కాదు. ఇరవై మూడేళ్ళుగా ఈ కళ్ళద్దాల కొట్లో కూర్చుని ఊళ్ళో సగం మంది నంబర్లు చూశాను. నా కళ్ళకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

మా ఆవిడకి చెబితే, "ఆ చార్టు మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు కదండీ" అంది. ఆవిడకి అన్నీ వేళాకోళమే.

జనవరి 19

అక్క కొట్టుకి వచ్చింది. వస్తూనే "డాక్టరుగారు ఖాళీయేనా?" అంది. నేను డాక్టర్ని కాను, అద్దాల నంబరు చూసేవాణ్ణి. ఆ సంగతి అక్కకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నా చదువంతా ఆమె కుట్టుమిషను మీదే నడిచింది. ఇప్పటికీ మా వెనక వీధిలో ఒక గది, రెండు మిషన్లు, గోడ నిండా వేలాడే ప్యాంట్లు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చాక్‌పీసుతో గీత గీస్తే స్కేలు అక్కర్లేదు ఆమెకి.

"దూరంగా అంతా బాగానే ఉందిరా. కుట్టు మొదలెడితే గీత మధ్యలో నీళ్ళలో పడ్డట్టు ఊగుతోంది" అంది.

నంబరు చూశాను. పావు తేడా. కొత్త అద్దాలు రాశాను.

ఫిబ్రవరి 8

గళ్ళ కార్డులు వచ్చాయి. అరచేయంత కార్డు, నిలువు గీతలు, అడ్డ గీతలు, నడుమ ఒక చుక్క. ఒక కన్ను మూసుకుని చుక్కనే చూడాలి. చుట్టూ గీతలన్నీ తిన్నగా ఉంటే కంటి వెనక తెర బాగున్నట్టు. గీతలు వంగితే కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. నలభై దాటి నా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ ఒకటి ఇస్తాను. ఈ ఊళ్ళో ఇలా ఇచ్చే కొట్టు నాదొక్కటే.

ఈసారి ముద్రించినవాడి చేతులు విరగ. చుక్క దగ్గర గీతలు లోపలికి కుంగిపోయాయి. అయిదు వందల కార్డులూ అంతే. ప్రెస్సుకి ఫోన్ చేసి గట్టిగా దులిపేశాను.

ఫిబ్రవరి 11

ప్రెస్సాయన స్వయంగా వచ్చాడు, జేబులో స్టీలు స్కేలు పెట్టుకుని. బల్ల మీద కార్డు పరిచి స్కేలు ఆనించాడు. "మీరే చూసుకోండి మాష్టారూ, వెంట్రుకవాసి తేడా లేదు."

చూశాను. ఆ స్కేలు కూడా నడుమ కుంగి ఉంది.

"నీ స్కేలే వంకర" అన్నాను.

ఆయన నా మొహం వంక కాసేపు చూశాడు. స్కేలు తీసి జేబులో పెట్టుకుని, "మళ్ళీ కొట్టివ్వమంటే కొట్టిస్తాను. కానీ ఇలాగే వస్తాయి సార్" అన్నాడు. మాష్టారు నుంచి సారుకి దిగాను.

ఫిబ్రవరి 12

కొట్లో వెలుతురు సరిగా లేదు. దీపం మార్చాలి.

ఫిబ్రవరి 13

దీపం మార్చాను.

ఫిబ్రవరి 15

అసలీ ఊళ్ళో ఒక్క గుమ్మమైనా తిన్నగా కట్టారా అని.

ఫిబ్రవరి 20

రెండు కళ్ళూ తెరిచి చూస్తే పెద్దగా తెలియడం లేదు. ఒక్కో కన్నూ మూసి చూడాల్సిన అవసరం నాకేముంది. చార్టు ఆఖరి వరుస దాకా చదివాను కదా, ఇంకా రెండు నెలలు కూడా కాలేదు.

మార్చి 3

అక్క కుట్టిన ప్యాంట్లు రెండు వెనక్కి వచ్చాయట. అంచు కుట్టు పాము పాకినట్టు ఉందని ఆ మనిషి నవ్వాడట. అక్క చెబుతూ తనూ నవ్వింది, కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. ముప్ఫై ఐదేళ్ళలో అక్క కుట్టింది వెనక్కి రావడం నేనెరగను.

"కొత్త అద్దాలు కుదరలేదేమోరా. కుడికన్నుతో మరీ అన్యాయంగా ఉంది."

గళ్ళ కార్డు చేతికిచ్చాను. ఇవ్వకూడదనిపించింది, అయినా ఇచ్చాను. ఎడమకన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"చుక్క చుట్టూ వంగాయిరా గీతలు."

నా నోటి వెంట మాట దానంతటదే వచ్చింది. "నాకూ అలాగే కనిపిస్తాయి అక్కా. అందరికీ అంతే."

"అంతేనంటావా?"

"అంతే. నడివయసులో కంటికి కాస్త అలసట. కార్డు ముద్రణ కూడా బాగోలేదు."

"అయితే ఆసుపత్రి అక్కర్లేదు."

"దేనికి? నేను లేనూ?"

హాయిగా ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పాలంటే నేనూ పీల్చుకున్నాను. అక్కకి కూడా అలాగే కనిపిస్తోందంటే అది రోగం కాదు, ఇంటి తీరు. మా ఇంట్లో అందరివీ పెద్ద చెవులు, అలాగే ఇదీను.

మార్చి 4

రాత్రి రాసింది మళ్ళీ చదివాను. ఇంటి తీరు అని రాశాను. ఈ పనిలో ఉన్నవాడు రాయదగ్గ మాటేనా అది?

మార్చి 17

అక్కకి ఈ ఏడు రెండో జత అద్దాలు. అర తగ్గించి చూశాను.

ఏప్రిల్ 2

అమ్మాయి సెలవులకి వచ్చింది. భవనాల నక్షాలు గీసే చదువు చదువుతోంది. గదంతా కాగితాలు పరిచి నేల మీద పడుకుని గీతలు గీస్తోంది. వెంట్రుకంత సన్నని గీతలు. "నాన్నా, ఈ రెండూ సమానంగా ఉన్నాయా చూడు" అంది. ఉన్నాయన్నాను. అమ్మాయి తలెత్తి, "చూడకుండానే చెప్తావేంటి" అంది.

పంతొమ్మిదేళ్ళు. దాని కళ్ళు దివ్యంగా ఉన్నాయి. నేనే చూశాను.

ఏప్రిల్ 21

ఎవరికీ చెప్పని మాట ఇక్కడ ఒకసారి రాసి కొట్టేస్తాను. నా కళ్ళకి ఏదో ఉంది. ఉంటే ఏం చేయాలి? కళ్ళు సరిగా లేనివాడి దగ్గర అద్దాలు ఎవరు చేయించుకుంటారు? వంశంలో వచ్చేదైతే అమ్మాయి మాటేమిటి? చూపించుకోకపోతే ఏ పేరూ ఉండదు. పేరు లేనంతవరకు అది అలసటే.

కొట్టేయలేదు.

మే 6

"మధ్యలో బూడిదరంగు చుక్క పడిందిరా, కుడికంట్లో. కదిలితే కదులుతోంది" అంది అక్క, ఫోన్లో.

గురువారం కొత్త లెన్సులు వస్తున్నాయి, వాటితో చూద్దామన్నాను.

మే 9

లెన్సులు రాలేదు.

మే 16

లెన్సులు వచ్చాయి. బిగించి ఇచ్చాను. బాగుందా అంటే "బాగుంటుందిలే" అంది. మూడో జత.

మే 27

మిషను సూది అక్క వేలిలో దిగింది. గోరు మీద నుంచి అవతలికి. ముప్ఫై ఐదేళ్ళలో మొదటిసారి. మా ఆవిడే వెళ్ళి కట్టు కట్టించింది. అక్కడి నుంచి ఇంటికి తీసుకురాకుండా, నన్నొక్క మాట అడక్కుండా, రిక్షా ఎక్కించి తిన్నగా కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

సాయంత్రం కొట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "వదినకి కుడికన్ను మూసినా తెరిచినా ఒకటేనట. మీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందండీ?"

"అద్దాల కోసం వచ్చింది."

"నేను అడిగింది అది కాదు."

మే 29

ఆసుపత్రి. మొదట చూసిన పెద్ద డాక్టరు వయసు వల్ల వచ్చే మచ్చ అని రాశాడట. ఈవేళ రెటీనా డాక్టరమ్మ చూసింది. చిన్న పిల్ల. మా అమ్మాయికంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. కాగితం పక్కన పెట్టి, "యాభై మూడేళ్ళకి ఇది వయసు మచ్చ అనుకోను. వయసు మచ్చ రెండు కళ్ళలోనూ ఇంత పద్ధతిగా, ఇంత ఒకేలా రాదు" అంది.

నీలికాంతితో ఒక ఫోటో తీసింది. కంప్యూటర్ తెర మీద చూపించింది. బూడిదరంగు నేల, నడుమ రెక్కలు విప్పిన ఆకారం ఒకటి తెల్లగా మెరుస్తోంది. సీతాకోకచిలుకలా ఉంది. ఎడమకంట్లోనూ అదే, అద్దంలో చూసినట్టు.

"కంటి తెర కింద పొరలో పసుపు పదార్థం ఇలా పేరుకుంటుంది. పుట్టుకతో జన్యువులో వచ్చేది, బయటపడేది నడివయసులో. చాలామందికి ముసలితనం దాకా పెద్ద బాధ ఉండదు. కొందరికి మాత్రం దాని అంచున పిచ్చి రక్తనాళాలు మొలిచి కారతాయి. ఈవిడ కుడికంట్లో జరిగింది అదే."

"మందు ఉందామ్మా?" అంది అక్క.

"కారడం ఆపడానికి కంట్లో ఇంజక్షన్లు ఉన్నాయి. అసలు జబ్బుకి లేదు. కనిపెట్టుకుని ఉండటమే." ఆగి, "గీతలు వంగడం ఎప్పుడు మొదలైంది?" అంది.

"జనవరిలో."

"చుక్క పడింది?"

"ఈ నెల మొదట్లో."

"మరి అప్పుడే ఎందుకు రాలేదండీ? మొదటి వారంలో వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

అక్క తల నా వైపు తిరిగింది. నేను గోడ మీద కంటి బొమ్మ చూస్తున్నాను.

"పని ఎక్కువగా ఉండిందమ్మా. బద్ధకించాను" అంది అక్క.

డాక్టరమ్మ నమ్మింది. నేను నమ్మనిచ్చాను.

అదే రోజు, ఇంకొంచెం

ఇంకోటి రాయడం మర్చిపోయాను. మర్చిపోలేదు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా చూపు తేడా ఉండేదా?" అని అడిగింది డాక్టరమ్మ. అక్క మా అమ్మ గురించి చెప్పింది. అమ్మ ఆఖరి రోజుల్లో మనుషుల్ని సూటిగా చూసేది కాదు, మొహం పక్కకి తిప్పి ఓరగా చూసేది. చుట్టాలంతా పొగరనేవారు. మేమూ అమ్మకి కోపమొచ్చిందేమో అనుకునేవాళ్ళం. నడుమ కనిపించక పక్కచూపుతో మమ్మల్ని వెతుక్కునేదని ఇప్పుడు తెలిసింది.

"అయితే తమ్ముడుగారూ, మీరూ ఒకసారి కూర్చోండి."

నా కళ్ళు బాగున్నాయన్నాను. అయినా అక్కడి నర్సమ్మ కూర్చోబెట్టి చార్టు చదివించింది. మా కొట్లో ఉన్న చార్టే. చివరి వరుస దాకా గడగడా చదివేశాను. "చదవడం కాదండీ, లోపల ఫోటో తీయాలి" అంది డాక్టరమ్మ. కొట్టు తెరవాలి, వచ్చేవారం వస్తానన్నాను.

జూన్ 5

వెళ్ళలేదు.

జూన్ 12

మొదటి ఇంజక్షను. అక్క చెయ్యి నేను పట్టుకుందామనుకున్నాను, మా ఆవిడ పట్టుకుంది.

జూన్ 14

ఇవాళ కొట్లో ఒకావిడ కార్డు చూసి గీతలు ఊగుతున్నాయంది. "అంద..." దాకా వచ్చి నోరు మూసుకున్నాను. ఆసుపత్రి చిరునామా రాసిచ్చాను. ఫిబ్రవరి నుంచీ ఆ మాట నాకెంత అలవాటైపోయిందో.

జూలై 11

రెండో ఇంజక్షను. అక్క రక్తం కూడా తీశారు, జన్యు పరీక్షకి. అది ఎక్కడికో పంపుతారట, వారాలు పడుతుందట.

ఆగస్టు 9

మూడో ఇంజక్షను అయింది. కారడం ఆగిందంది డాక్టరమ్మ. ఆగిన చోట గాటు మిగిలింది. కుడికంటి నడిమి చూపు ఇక రాదు.

అక్క ఏడవలేదు. "ఒక కన్నుతో కుట్టేవాళ్ళు లేరా ఏంటి" అంది. ఇంటికి వెళ్ళాక దారం ఎక్కించబోయింది. సూది ఒక చోట, చెయ్యి ఒక చోట. మూడుసార్లు. నాలుగోసారి నేను ఎక్కించబోతే చెయ్యి విదిలించింది. తర్వాత నెమ్మదిగా, "చెయ్యి అలవాటు పడాలిరా" అంది. మిషను మీద బట్ట కప్పేసింది. ఆ మిషను మీద పగటిపూట బట్ట కప్పి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నేనేమీ చేయలేకపోయాను, కుర్చీలో కూర్చుని చూడటం తప్ప.

ఆగస్టు 22

రిపోర్టు వచ్చింది. జన్యువులో అక్షరం తేడా ఉంది. ఉన్నవాళ్ళ పిల్లలకి ఒక్కొక్కరికీ సగం సగం అవకాశమట. డాక్టరమ్మ నాతో మాట్లాడలేదు, మా ఆవిడకి ఫోన్ చేసింది. తెలివైన పిల్ల.

మా ఆవిడ నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మాయి కోసమైనా లేవండి" అంది.

ఆగస్టు 23

ఉంది. రెండు కళ్ళలోనూ. అక్కదీ నాదీ పక్కపక్కన తెర మీద పెట్టింది. కవలపిల్లల్లా ఉన్నాయి. కారడం లేదు ఇంకా.

"మీకు గీతలు వంగి కనిపించడం ఎప్పటినుంచి?" అంది.

"ఫిబ్రవరి" అన్నాను. ఈ మాట నోటితో అనడం అదే మొదటిసారి.

ఆమె రాసుకుంది. నాలుగు తిట్టుంటే బాగుండేది. అమ్మాయిని తొందరపెట్టొద్దంది. తనకి తెలియాలనుకున్నప్పుడు తీసుకురమ్మంది. ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను. అంతా విని, "నువ్వెలా ఉన్నావు నాన్నా?" అంది. ఫోను వాళ్ళమ్మకిచ్చాను.

ఆగస్టు 25

అక్క దగ్గరికి వెళ్ళాను. నాకూ ఉందని మా ఆవిడ అప్పటికే చెప్పింది. అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. నలభై ఏడేళ్ళవాడి తల.

"దిగులు పడకురా. నీకింకా కారలేదుగా. నాలా బద్ధకించకు" అంది.

ఆ మాటకి తట్టుకోలేకపోయాను. బద్ధకం నీది కాదక్కా అన్నాను. మార్చిలో కార్డు నీ చేతికిచ్చే ముందే నాకు గీతలు వంగి కనిపిస్తున్నాయి అన్నాను. ప్రెస్సాయన్ని తిట్టడం, దీపం మార్చడం, అంతా చెప్పాను. నీది రోగమంటే నాది కూడా రోగమవుతుందని భయపడి అందరికీ అంతే అన్నాను. నాకు తెలుసు. తెలియదని నాకు నేనే చెప్పుకున్నాను, కానీ తెలుసు.

అక్క చెయ్యి నా తల మీద ఆగిపోయింది. తీయలేదు, కదపలేదు. నేను పొరపాటు పడ్డానని మాత్రమే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ పొరపాటునే డాక్టరమ్మ ముందు తన మీద వేసుకుంది.

తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. ఎడమకన్నుతో, మొహం కాస్త పక్కకి తిప్పి నన్నే చూసింది.

"ఇంకెంతమందికి చెప్పావురా ఆ మాట?" అంది.

ఆగస్టు 26

కొట్టు తెరవలేదు. లోపల కూర్చుని నంబర్ల పుస్తకం తీశాను. వచ్చిన ప్రతివాళ్ళ పేరు, వయసు, ఫోను, నంబరు అందులో ఉంటాయి. కార్డు చూపించినవాళ్ళ దగ్గర ఒక టిక్కు. గీతలు వంగాయని చెప్పినవాళ్ళ దగ్గర వేరే గుర్తేమీ పెట్టలేదు. అందరికీ అంతే కదా, గుర్తెందుకు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నూట ముప్ఫై ఒక్క టిక్కులు. ఎవరు వంగాయన్నారో, ఎవరు బాగున్నాయన్నారో ఇద్దరు ముగ్గురివి తప్ప నాకు గుర్తు లేదు. అందరికీ చేయాల్సిందే.

ఆగస్టు 27

ఇవాళ పంతొమ్మిది మందికి చేశాను. నలుగురు ఎత్తలేదు. పదిమంది గీతలు తిన్నగానే ఉన్నాయన్నారు. ఇద్దరు తిట్టారు. ఇద్దరు రేపే ఆసుపత్రికి వెళ్తామన్నారు, గొంతులో భయం వినిపించింది.

పంతొమ్మిదో నంబరు ఒక డ్రాయింగు మాష్టారిది. అరవై ఒకటి. భార్య ఎత్తింది. కళ్ళద్దాల కొట్టు నుంచి అనగానే ఆవిడ గొంతు మారిపోయింది, చుట్టం ఫోన్ చేసినట్టు.

"మీరా బాబూ. మిమ్మల్ని ఎన్నిసార్లు తలుచుకున్నామో. గీతలు వంగుతున్నాయని ఆయన తిండి కూడా మానేసి కూర్చుంటే, మీరు చెప్పిన ఆ ఒక్క మాటతో మనిషి తేరుకున్నారు. ఆసుపత్రికి వెళ్దామన్నా, ఆ అద్దాలాయన చెప్పారుగా అంటారు. ఎంత నిశ్చింతగా ఉన్నారో ఇప్పుడు."

ఆయన్ని ఒకసారి ఫోను దగ్గరికి పిలవమన్నాను.